పిలిచినవాళ్లే గెలిచిన కప్పు

పెళ్లికి పిలుస్తూ రానూపోనూ ఖర్చులు మావే అన్నారు. విడిది మేమే చూస్తాం అన్నారు. ఇంకా పునాదులైనా లేవని కల్యాణమంటపాన్ని ముహూర్తంలోపు కట్టేస్తాం అన్నారు. ముహూర్తం రెండు నెలల్లోకి వచ్చేసింది. సముద్రం అవతల ఉన్న పెద్దింటి చుట్టాల్లో ఒక్కరూ వస్తామని కబురు పెట్టలేదు. ఆ ఇంటివాళ్ల మనసెలా ఉంటుందో మనలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు కదా!

1930లో ఉరుగ్వే అనే చిన్న దేశం సరిగ్గా ఆ స్థితిలో ఉంది. ఆ పెళ్లే మొట్టమొదటి ఫుట్‌బాల్ ప్రపంచకప్.

మా ఇంట్లో శనివారం పొద్దున్న అంటే సాకర్ ప్రాక్టీసు. మైదానం పక్కన మడత కుర్చీలో కూర్చుని పిల్లల్ని చూసుకునే అమ్మలు మీలో చాలామందే ఉండుంటారు. పిల్లలకు ఆట వస్తుంది, ఆటగాళ్ల పేర్లు వస్తాయి. ఆ కప్పు ఎక్కడ మొదలైందో మాత్రం వాళ్లకి తెలియదు. మా పదకొండేళ్లవాడి కోసం చదవడం మొదలుపెట్టి, చివరికి నా కోసమే చదువుకున్నాను. ఎందుకంటే ఇందులో ఆట కొంతే. మిగిలినదంతా పరాయి ఊరు సొంతూరు ఎలా అవుతుందన్న కథ.

రామన్న చుట్టాలు

ఉరుగ్వే దక్షిణ అమెరికాలో బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మధ్య ఇరుక్కున్న దేశం. అప్పటి జనాభా ఇరవై లక్షల లోపే. దేశమంతా కలిపితే సుమారుగా ఇవాళ్టి విశాఖపట్నమంత అనుకోండి. కానీ 1924లో పారిస్‌లో, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వరసగా రెండు ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్ స్వర్ణం వాళ్లదే. 1830లో రాసుకున్న తమ తొలి రాజ్యాంగానికి 1930 జులై 18తో నూరేళ్లు నిండుతాయి. ఆ వేడుకకు ప్రపంచాన్నంతా పిలవాలనుకున్నారు. వచ్చే జట్ల ప్రయాణం, బస ఖర్చులన్నీ మేమే భరిస్తామన్నారు. ఫిఫా ఒప్పుకుంది.

కప్పు మా దేశంలో పెట్టండని అంతకుముందు అడిగిన ఇటలీ, స్పెయిన్, నెదర్లాండ్స్, స్వీడన్ ఆ తర్వాత ముఖం చాటేశాయి. వాళ్ల వైపు నుంచి చూస్తే కారణాలూ లేకపోలేదు. ఓడలో వెళ్లడానికి రెండు వారాలు, రావడానికి రెండు వారాలు. ఆటగాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. రెండు నెలల సెలవు ఎవరిస్తారు? ఇండియా టిక్కెట్లు కొనేటప్పుడు మనింట్లో వినిపించే ప్రశ్నే ఇది.

చివరికి యూరప్ నుంచి వచ్చినవి నాలుగే జట్లు: ఫ్రాన్స్, బెల్జియం, రొమేనియా, యుగోస్లావియా. ఫ్రాన్స్‌ని ఒప్పించింది ఫిఫా అధ్యక్షుడు జూల్ రిమే, ఆయనదీ ఆ దేశమే. రొమేనియా రాజు రెండో కారోల్ అప్పుడే సింహాసనం ఎక్కాడు. ఆటగాళ్లకు సెలవులిమ్మని వాళ్ల యజమానులకు ఆయనే చెప్పించాడంటారు. యుగోస్లావియా వేరే ఓడలో వెళ్లింది. మిగతా మూడు జట్లూ, రిఫరీలూ, కప్పుని పెట్టెలో సర్దుకున్న రిమే, అందరూ ‘కోంటె వెర్దె’ అనే ఓడలో బయల్దేరారు. కాళ్లు పట్టేయకుండా డెక్ మీదే కసరత్తు చేసుకుంటూ వెళ్లారు. దారిలో రియో డి జనీరోలో బ్రెజిల్ జట్టు కూడా ఎక్కింది. అన్నీ కలిపితే 13 జట్లు.

ఇక్కడ ఆడవాళ్లం గమనించాల్సింది ఒకటుంది. రిమే పెట్టెలో ఉన్న ఆ కప్పు రూపం ఒక స్త్రీది. రెక్కలు చాచి, చేతులు పైకెత్తి నిలబడ్డ గ్రీకుల విజయదేవత. దాన్ని చేసింది ఆబెల్ లాఫ్లర్ అనే ఫ్రెంచి శిల్పి. కప్పు మీద స్త్రీ ఉంది, మైదానంలో ఒక్క స్త్రీ లేదు. ఫిఫా మహిళల ప్రపంచకప్ 1991లో గానీ మొదలుకాలేదు, అంటే 61 ఏళ్ల తర్వాత.

ఆరని సిమెంటు

మాంటెవిడియోలో కట్టాల్సిన స్టేడియం పేరు ‘సెంటెనారియో’, అంటే శతాబ్ది స్టేడియం. 1929 జులైలో శంకుస్థాపన జరిగినా, పని ఊపందుకున్నది 1930 మొదట్లోనే. రూపకర్త హువాన్ స్కాసో అనే ఆర్కిటెక్టు. కూలీలు మూడు షిఫ్టుల్లో రాత్రీ పగలూ పనిచేశారు. అయినా వానలు అడ్డుపడ్డాయి.

కాస్త సైన్సు చెప్పనివ్వండి, డిగ్రీలో చదువుకున్నది ఇలాంటప్పుడైనా అక్కరకొస్తుంది. జులై అంటే మనకి ఎండాకాలం. భూమధ్యరేఖకు దక్షిణాన అది నడి చలికాలం. సిమెంటు గట్టిపడుతుంది అంటే నీళ్లు ఆవిరైపోయి ఎండుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సిమెంటు నీటితో రసాయనచర్య జరిపి బిగుసుకుంటుంది. చలికి ఆ చర్య నెమ్మదిస్తుంది. చలికాలంలో దోసెల పిండి పులవకపోవడానికి కారణం వేరు, కానీ మనం పడే అవస్థ అదే, ఎదురుచూడటం.

అందుకే జులై 13న పోటీలు మొదలయ్యేనాటికి సెంటెనారియో సిద్ధంగా లేదు. మొదటి ఆటల్ని ఊళ్లోనే ఉన్న చిన్న మైదానాల్లో ఆడించారు. శతాబ్ది రోజైన జులై 18న, ఇంకా పూర్తిగా ఆరని స్టేడియంలో ఉరుగ్వే పెరూతో ఆడింది. ఒకటి సున్నాతో గెలిచింది. ఆ స్టేడియంలో మొదటి గోలు కొట్టినవాడి పేరు హెక్టర్ కాస్ట్రో. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

స్టేడియంలో రెండు గ్యాలరీలకు పెట్టిన పేర్లు నాకు భలే నచ్చాయి. ఒకటి ‘కొలోంబ్’, రెండోది ‘ఆమ్‌స్టర్‌డామ్’. పారిస్ ఒలింపిక్స్ మైదానం ఉన్న ఊరు ఒకటి, రెండో ఒలింపిక్స్ జరిగిన ఊరు ఇంకొకటి. పరాయి దేశంలో గెలిచిన చోట్ల పేర్లు తెచ్చి సొంతింటి గోడలకు పెట్టుకున్నారు.

ఆ ఇంటివాళ్లు ఎవరు?

‘సొంతగడ్డ మీద గెలిచారు’ అంటాం. అది ఎవరి సొంతగడ్డ? జట్టులో పేర్లు చూడండి. నసాజి, మాస్కెరోని, స్కరోనె, బాయెస్ట్రెరో – ఇవి ఇటలీ పేర్లు. ఫెర్నాండెజ్, కాస్ట్రో – స్పెయిన్ పేర్లు. ఇరియార్తె – బాస్క్ ప్రాంతపు పేరు. పంతొమ్మిదో శతాబ్దంలోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ ఓడలెక్కి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ వీళ్లు. కెప్టెన్ హోసే నసాజి తండ్రి ఇటలీ నుంచి వచ్చినవాడు. నసాజి పాలరాయి చెక్కే పని చేశాడు. పేద్రో సెయా ఐసు అమ్మాడు.

ఇక హోసే లియాండ్రో ఆండ్రాడే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. ఉరుగ్వేలో బానిసత్వం రద్దయింది 1842లో. ఆండ్రాడే బూట్లు తుడిచాడు, కార్నివాల్ బృందాల్లో వాయిద్యం వాయించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌తో ప్రపంచానికి తెలిసిన తొలి నల్లజాతి ఫుట్‌బాల్ తార అయ్యాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1916 దక్షిణ అమెరికా పోటీల్లో ఉరుగ్వే నల్లజాతి ఆటగాళ్లను ఆడించిందని చిలీ వాళ్లు ఫిర్యాదు చేశారు. ‘ఆఫ్రికన్లను ఆడిస్తున్నారు’ అన్నది ఆ ఫిర్యాదు. వాళ్లు మావాళ్లే అంది ఉరుగ్వే.

ఇంతమంది వేరువేరు ఊళ్లవాళ్లు ఒక జట్టుగా ఎలా అయ్యారు? నాకు అర్థమైనంతలో మూడు విషయాలు కనిపిస్తాయి. మొదటిది బడి. 1877లోనే అక్కడ ప్రాథమిక విద్య ఉచితం, తప్పనిసరి అయింది. ఓడ దిగినవాడి పిల్లాడూ, ముందునుంచీ ఉన్నవాడి పిల్లాడూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. రెండోది తీరిక. 1915లో ఎనిమిది గంటల పనిదినం చట్టమైంది. రాళ్లు కొట్టేవాడికీ ఐసు అమ్మేవాడికీ సాయంత్రం కాస్త వెలుగు మిగిలితేనే కదా బంతి తన్నేది! మూడోది, ఆడవాళ్ల మాటకు అక్కడి చట్టంలో కొంత చోటు దొరకడం. భార్య కారణమేమీ చెప్పకుండా తన ఇష్టంతో విడాకులు కోరవచ్చని 1913లోనే చట్టం చేశారు.

సెర్రో చాటో అనే పల్లె సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. ఆ ఊరు మూడు జిల్లాల సరిహద్దులో ఉంది. ఊరు ఏ జిల్లాకి చెందాలో తేల్చడానికి 1927 జులై 3న ఓటింగ్ పెట్టారు. ఆడా మగా తేడా లేకుండా, ఏ దేశంలో పుట్టారన్నది చూడకుండా అక్కడ ఉంటున్నవాళ్లంతా ఓటెయ్యొచ్చన్నారు. ఉరుగ్వేలో స్త్రీలు ఓటేయడం అదే మొదలు. ఆ రోజు మొట్టమొదట ఓటేసిన స్త్రీ రీటా రిబేరా. తొంభై ఏళ్ల వృద్ధురాలు. బ్రెజిల్ నుంచి వలస వచ్చిన మనిషి.

ఇది చదివి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పదేళ్లుగా ఇక్కడ ఇల్లు నడుపుతున్నాను. పిల్లల బడి, పక్కింటి ముసలావిడకు మందులు, లైబ్రరీలో వాలంటీర్ పని, అన్నీ చేస్తాను. వీసా కాగితం మీద మాత్రం నేను ‘డిపెండెంట్’. ఓటు సంగతి దేవుడెరుగు. మీలో ఎంతమందిది ఇదే కథో నాకు తెలుసు. ‘మన ఊరు ఎవరిది’ అని అడిగిన రోజున, బయటి దేశం నుంచి వచ్చిన ఒక ముసలామె అందరికంటే ముందు వెళ్లి జవాబు చెప్పింది. దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు చట్టం 1932లో వచ్చింది. జాతీయ ఎన్నికల్లో వాళ్లు ఓటేసింది 1938లో.

రెండు బంతులు, ఒక కోడిగుడ్డు

ఇక ఫైనల్‌కి వద్దాం. 1930 జులై 30. ఉరుగ్వే, అర్జెంటీనా. రెండూ సెమీఫైనల్స్‌లో చెరో ఆరు గోల్స్ కొట్టి 6–1తో గెలిచి వచ్చాయి. మధ్యలో రియో డి లా ప్లాటా అనే వెడల్పాటి నది. అర్జెంటీనా అభిమానులు పడవల్లో బయల్దేరారు. కొన్ని పడవలు పొగమంచులో చిక్కుకుని ఆట అయ్యాక గానీ చేరలేదు. స్టేడియం గేటు దగ్గర ఆయుధాలున్నాయేమోనని జనాన్ని తడిమి చూశారు. బెల్జియం రిఫరీ జాన్ లాంజెనస్ తన ప్రాణానికి హామీ ఇస్తేనే విజిల్ పట్టుకుంటానన్నాడు.

తీరా మైదానంలోకి దిగాక బంతి మీద తగవు. మా బంతితో ఆడాలంటే మా బంతితో ఆడాలని. చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడించారు. చిన్నపిల్లల గొడవలా అనిపిస్తుంది గానీ అందులో కాస్త న్యాయం ఉంది. అప్పటి నియమాల ప్రకారం బంతి బరువు 13 నుంచి 15 ఔన్సుల మధ్య ఎంతైనా ఉండొచ్చు. అంటే నియమం తప్పకుండానే రెండు బంతుల మధ్య రెండు ఔన్సులు, సుమారు 57 గ్రాముల తేడా రావచ్చు. ఒక పెద్ద కోడిగుడ్డు బరువు. దానికి తోడు చేత్తో కుట్టిన తోలు బంతి తడి పీల్చుకుని ఇంకా బరువెక్కుతుంది. రోజూ ఒక బరువుకి అలవాటుపడ్డ కాలికి ఆ గుడ్డు బరువు తెలిసిపోతుంది. అలవాటైన గరిటె లేకుండా పరాయి వంటింట్లో పోపు పెట్టి చూడండి, మీకే అర్థమవుతుంది.

మొదటి గోలు ఉరుగ్వే వాళ్లది, డొరాడో కొట్టాడు. తర్వాత పెయుసెయె, స్తాబిలె చెరొకటి కొట్టడంతో సగం ఆటకి అర్జెంటీనా 2–1తో ముందుంది. రెండో సగంలో ఐసు అమ్మిన సెయా స్కోరు సమం చేశాడు. ఇరియార్తె మూడోది కొట్టాడు. ఇంకో నిమిషంలో ఆట ముగుస్తుందనగా నాలుగో గోలు పడింది. కొట్టినవాడు హెక్టర్ కాస్ట్రో.

కాస్ట్రోకి పదమూడేళ్లప్పుడు కరెంటు రంపం కింద పడి ఒక ముంజేయి తెగిపోయింది. ఇవాళ ఒక మార్కు తగ్గితే మనం పిల్లల ముందు ఎంత గాభరా పడతామో తలచుకోండి. ఆ చెయ్యి లేని పిల్లాడు పెరిగి, సెంటెనారియోలో తొలి గోలూ, తొలి ప్రపంచకప్‌లో చివరి గోలూ తనే కొట్టాడు. 4–2తో కప్పు ఉరుగ్వేది. మర్నాడు జులై 31న దేశమంతా సెలవు. నది అవతల బ్యునోస్ ఐరిస్‌లో మాత్రం కోపంతో ఉన్న జనం ఉరుగ్వే కాన్సులేట్ మీద రాళ్లు రువ్వారు.

‘నువ్వు ఎవరి వైపు?’

మనింట్లోకి వద్దాం. భారత్, అమెరికా ఏ ఆటలో తలపడినా మా అత్తయ్యగారు వీడియో కాల్లో మా వాణ్ణి తప్పకుండా అడుగుతారు: ‘‘ఏరా నాన్నా, నువ్వు ఎవరి వైపురా?’’ ఆవిడ ముద్దుగానే అడుగుతారు. వాడు ఒకసారి నా వైపు చూస్తాడు, ఒకసారి వాళ్ల నాన్న వైపు చూస్తాడు. ఏం చెబితే ఎవరు బాధపడతారోనని లెక్క వేసుకుంటాడు. పదకొండేళ్ల పిల్లాడికి ఆ లెక్క బరువు. అది కోడిగుడ్డంత కాదు.

వాడికి నేను చెప్పింది 1930 నాటి అమెరికా జట్టు గురించి. ఆ కప్పులో అమెరికా సెమీఫైనల్ దాకా వెళ్లింది, ఫిఫా లెక్కల్లో మూడో స్థానం. ఆ జట్టులో ఆరుగురు బ్రిటన్‌లో పుట్టి వలస వచ్చినవాళ్లు, అందులో అయిదుగురిది స్కాట్లాండ్. ప్రపంచకప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్ కొట్టిన బెర్ట్ పాటెనాడ్ మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ అనే బట్టల మిల్లుల ఊరివాడు. ఆ హ్యాట్రిక్‌ని ఫిఫా అధికారికంగా గుర్తించింది 2006లో.

లూయిస్ మాంటి గురించి కూడా చెప్పాను. ఇటలీ నుంచి వెళ్లిన కుటుంబం, పుట్టింది అర్జెంటీనాలో. 1930 ఫైనల్లో అర్జెంటీనా తరఫున ఆడి ఓడిపోయాడు. చంపేస్తామన్న బెదిరింపుల మధ్య ఆడాడు ఆ రోజు. తర్వాత ఇటలీ వెళ్లి, 1934 ఫైనల్లో ఇటలీ తరఫున ఆడి గెలిచాడు. ఆ ఏడు కూడా పిలిచినవాళ్లే గెలిచారు. రెండు ప్రపంచకప్ ఫైనల్స్‌లో రెండు దేశాల తరఫున ఆడిన మనిషి ఆయనొక్కడే. ‘‘మరి ఆయన ఎవరి వైపు అమ్మా?’’ అన్నాడు మా వాడు. ‘‘ఏ చొక్కా వేసుకుంటే ఆ వైపు నిజాయితీగా ఆడాడు’’ అన్నాను.

మన పిల్లలకి తెలుగు నేర్పాలి. నానమ్మ అమ్మమ్మల ఊళ్లు చూపించాలి, సంక్రాంతికి ముగ్గు ఎందుకేస్తామో చెప్పాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ అవన్నీ వాళ్ల కాళ్ల కింద నేల కావాలి, వాళ్ల మెడకి వేసే పరీక్ష కాకూడదు. నసాజి నాన్న ఇటలీని మర్చిపోయుండడు. కొడుకు ఉరుగ్వే కెప్టెన్ అయినందుకు ఆ ఇటలీ తరిగిపోనూ లేదు.

ఆడపిల్లల అమ్మలకి ఇంకో ముక్క. 1999లో మహిళల ప్రపంచకప్ అమెరికాలో జరిగింది. ఫైనల్‌కి కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్‌లో 90 వేలకు పైగా జనం వచ్చారు. పెనాల్టీల్లో చైనాని ఓడించి అమెరికా గెలిచింది. రెక్కల దేవతని పెట్టెలో పెట్టుకుని ఓడెక్కిన రోజులనుంచి అక్కడిదాకా రావడానికి 69 ఏళ్లు పట్టింది.

2030కి ఆ తొలి కప్పుకి నూరేళ్లు. పోటీలు ప్రధానంగా స్పెయిన్, పోర్చుగల్, మొరాకోల్లో జరిగేలా, ఆరంభం ఆటను మాత్రం మాంటెవిడియోలో అదే సెంటెనారియోలో ఆడించేలా ఫిఫా నిర్ణయించింది. ఆ రోజు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని టీవీ పెట్టండి. ఆమ్‌స్టర్‌డామ్ గ్యాలరీ ఏదో చూపించండి. ఒంటిచేతి కాస్ట్రో గురించి చెప్పండి, తొంభై ఏళ్లకు తొలి ఓటు వేసిన రీటా గురించి చెప్పండి. పక్కన ఓ గిన్నెడు జంతికలు పెట్టుకోండి. ఎవరి వైపు అని మాత్రం అడక్కండి. వాళ్లకి నచ్చిన గోలుకి వాళ్లే అరుస్తారు.